ఆరో గదిలో రోగి

నాకు ఇప్పటివరకు నలభై మూడు జబ్బులు వచ్చాయి. గుండెనొప్పి ఆరుసార్లు, పక్షవాతం రెండుసార్లు, కామెర్లు, క్షయ, కిడ్నీలో రాళ్ళు. ఒకసారి పొరపాటున వేరే గదికి పోవలసిన కాగితం నా చేతికిచ్చారు. దాని ప్రకారం నాకు ఇరవై నాలుగేళ్ళు, నెల తప్పింది. కాగితంలో ఉన్నదే చెప్పాలన్నారు కదా అని చెప్పేశాను. పరీక్షకొచ్చిన కుర్రాడు నా తెల్ల జుట్టు వైపు గానీ బోసి నోటి వైపు గానీ చూస్తేగా! "ఎన్నో నెలండీ?" అని అడిగి శ్రద్ధగా రాసుకున్నాడు. వాడికి మార్కులు బాగానే పడ్డాయి. ఇప్పుడు పేరున్న డాక్టరు. వాడి గది బయట నిలబడటానికి చోటుండదు.

చెప్పొచ్చేదేమిటంటే, నా పని అది. డాక్టర్ల కాలేజీలో పరీక్షలప్పుడు రోగిగా కూర్చోవడం. అంతకు ముందు ముప్ఫై ఒక్క సంవత్సరాలు అదే ఆసుపత్రిలో ఆయాగా చేశాను. పని మానేసిన ఏడాదికి, పరీక్షలు నడిపించే డాక్టరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "అమ్మమ్మా, నిజం రోగులు ఒకడికి ఒకటి చెబుతారు, ఇంకొకడికి ఇంకోటి చెబుతారు. నువ్వు ఒక్కసారి వింటే పదేళ్ళయినా అక్షరం తప్పవు. మాకు అలాంటి మనిషి కావాలి" అంది. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అందుకని జబ్బు కాగితం మా అల్లుడు చదువుతాడు, నేను వింటాను. అంతే, అది నాలో ఉండిపోతుంది. అక్కర్లేనివి కూడా ఉండిపోతాయి, అదే నా బాధ.

పరీక్ష ఎలా ఉంటుందంటే, వరసగా పన్నెండు గదులు. గదికో రోగి, మూలన మార్కులు వేసే సారు ఒకడు. పిల్లలు లోపలికొచ్చి, ఏడు నిమిషాల్లో ప్రశ్నలడిగి, జబ్బేమిటో చెప్పాలి. గంట కొట్టగానే పక్క గదికి పరుగెత్తాలి. ప్రశ్నకింత అని మార్కులుంటాయి. చెయ్యి కడుక్కుంటే ఒకటి, పేరు చెప్పుకుంటే ఒకటి, జాలి చూపిస్తే రెండు. నేను చెబుతున్నది నిజం, జాలికి రెండు మార్కులు. "అది మీకు చాలా కష్టంగా ఉండి ఉంటుంది" అనాలి, భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఎవడు నేర్పాడో గానీ అందరూ ఎడమ భుజం మీదే వేస్తారు. తొంభై ఆరు మంది పిల్లలు రెండు రోజులపాటు జాలి చూపిస్తే ఆ భుజానికి మందు రాసుకోవలసి వచ్చింది.

ఈ సంగతి జరిగినప్పుడు నాది ఆరో గది. దిగులు జబ్బు. మూలన కూర్చున్నది మనసు జబ్బుల పాఠం చెప్పే సారు. ఆయన్ని పిల్లలు గడియారం సారు అంటారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు చూసుకోవడం ఆయన అలవాటు. మనిషి మనసు గురించి ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్న పెద్దమనిషి, పరీక్షకొచ్చిన ఒక్క పిల్ల ముఖం వైపు కూడా చూడలేదు. ముఖానికి మార్కుల్లేవు మరి, కాగితంలో మాటలకే ఉన్నాయి.

నా కాగితం ఇది. మూడు నెలలుగా నిద్ర లేదు, తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. తింటే గడ్డి నమిలినట్టుంది. ఇదివరకు రేడియో అంటే ప్రాణం, ఇప్పుడు పెట్టబుద్ధి కాదు. స్నానానికి లేవాలంటే కొండెక్కినట్టుంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తాను. ఇక చివరిది, సూటిగా అడిగితేనే చెప్పాలి, అడగకపోతే నోరు విప్పకూడదు: పడుకున్నదాన్ని మళ్ళీ లేవకపోతే బాగుండుననిపిస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు మూడు మార్కులు.

మొదటిరోజు పొద్దున మూడోవాడో నాలుగోవాడో అన్నీ అడిగి, చివర్లో "మీకు జబ్బేం లేదండీ, అలసట" అన్నాడు. చదవకుండా వచ్చాడు వెధవ అనుకున్నాను. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. రెండోరోజు పొద్దున్నకి అయిదుగురయ్యారు. గడియారం సారు సున్నాలు చుడుతూ కూర్చున్నాడు, గుండ్రంగా, ముచ్చటగా.

రెండోరోజు మధ్యాహ్నం వచ్చింది రెండు పెన్నుల పిల్ల. తెల్ల కోటు జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. ఒకటి ఆగిపోతే ఏం చెయ్యాలోనన్న భయంతో రెండోది, ఆ రెండోది కారి జేబంతా నీలం. మా అల్లుడిది కాలేజీ గేటు పక్కన జెరాక్స్ షాపు, వెనక మా ఇల్లు. నోట్సు కాపీలకు వస్తుంది కాబట్టి నాకు ఆ పిల్ల తెలుసు. మొదటి ఏడాదిలో వచ్చినప్పుడు కాపీలు తీసేంతసేపూ వాగుతూ ఉండేది, మా అల్లుడితో పందెం వేసి మరీ కబుర్లు చెప్పేది. ఇప్పుడు కాగితాలు ఇస్తుంది, కాగితాలు తీసుకుంటుంది.

చెయ్యి కడుక్కుంది. పేరు చెప్పుకుంది. ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. ఒక్కటీ వదల్లేదు. చివరి ప్రశ్న కూడా సూటిగా, గొంతు వణక్కుండా అడిగింది. నేను చెప్పాను. గడియారం సారు టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. ఇక జబ్బేమిటో చెప్పి, ఏం చెయ్యాలో చెప్పాలి. ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది. గోళ్ళు కొరికి కొరికి చిగుళ్ళదాకా పోయాయి.

"మీకు జబ్బేం లేదమ్మమ్మా. ఇవన్నీ మామూలే. అందరికీ ఉంటాయి."

గడియారం సారు పెన్ను ఆగింది. "ఏమన్నావ్?"

"నార్మల్ సార్."

"నార్మలా! నిద్ర లేదు, తిండి లేదు, లేవకపోతే బాగుండునంటోంది. నార్మలా?"

"అవును సార్." ఆ పిల్ల ఎదురు చెప్పడం లేదు. సారు ఎందుకు అలా అడుగుతున్నాడో నిజంగా అర్థం కాక చూస్తోంది.

కాగితంలో లేని మాట నేను మాట్లాడకూడదు. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు ఉండబట్టలేకపోయాను. "అందరికీ అంటే ఎవరికి తల్లీ?" అన్నాను.

"మా హాస్టల్లో అందరికీ అమ్మమ్మా. నాలుగింటికి మెలకువ రావడం, కుళాయి తిప్పుకోవడం, ఇవన్నీ. మా గదిలో ముగ్గురం ఏ ఎముక విరిగితే బాగుంటుందో కూడా అనుకున్నాం. బస్సు కొంచెం తగిలితే చాలు, కాలి పిక్క పక్కన సన్న ఎముక. అదైతే ఆరు వారాలు పడుకోనిస్తారు, నడక కూడా చెడదు." చిన్నగా నవ్వింది. "ఎవరికీ విరగలేదు లెండి."

గంట కొట్టారు. ఆ పిల్ల ఏడో గదికి పరుగెత్తింది.

గడియారం సారు సున్నా చుట్టాడు. "ఇంత తేలిక కేసు ఇస్తే కూడా చెప్పలేకపోతే వీళ్ళేం డాక్టర్లవుతారు?" అని నాతో అన్నాడు. మణికట్టు చూసుకుని, "తర్వాత!" అని కేకేశాడు.

ఎముకల మాట ఆయన చెవిన పడలేదా? పడింది. ఎముకల గది పన్నెండోది, అది ఆయన మార్కుల కాగితం కాదు. అంతే.

మొత్తం తొంభై ఆరు మందిలో పదకొండు మంది నాకు జబ్బు లేదన్నారు. పదకొండు ముఖాలూ నాకు గుర్తున్నాయి. చదవకుండా వచ్చినవాళ్ళు అడగడం మర్చిపోతారు. వీళ్ళు అన్నీ అడిగారు. అన్నీ విన్నారు. విని, ఇందులో జబ్బెక్కడుందని చూశారు. చేపని నీళ్ళెలా ఉన్నాయని అడిగితే ఏం చెబుతుంది?

ఆ సాయంత్రం షాపు దగ్గర మా అల్లుడితో చెప్పాను. అల్లుడు నోటి దురుసు మనిషే గానీ మనసు మంచిది. మెషీను మూత వేసి, "మరి అలాంటి పిల్లలకి కాలేజీలో ఏదో ఉంది కదా అత్తయ్యా, మనోధైర్య కేంద్రమని" అన్నాడు.

"ఉంటే వెళ్ళరేం?"

"ఎలా వెళ్తారు? వెళ్ళినవాళ్ళ రోల్ నంబర్ల లిస్టు నేనే కాపీలు తీస్తాను. నాలుగు కాపీలు. నోటీసు బోర్డుకొకటి, హాస్టల్ భోజనాల గదికొకటి, వార్డుకొకటి, నాలుగోది ఇంటికి పోస్టులో. పైన పెద్దక్షరాలతో ఏముంటుందో తెలుసా?"

"ఏముంటుంది?"

"రహస్యం."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అల్లుడు మాత్రం నవ్వాడు. నవ్వి నవ్వి, "పోయినేడు ముగ్గురు వెళ్ళారత్తయ్యా. ముగ్గురి అమ్మానాన్నల్నీ పిలిపించి, వీళ్ళు రోగుల దగ్గరికి పనికొస్తారో లేదోనని కమిటీ వేశారు. అప్పట్నుంచి పాపం అందరూ ధైర్యంగానే ఉన్నారు. కేంద్రం బాగా పని చేస్తోందని రిపోర్టు రాసుకున్నారు. అదీ నేనే కాపీ తీశాను" అన్నాడు.

విశ్రాంతి గది కూడా ఒకటి ఉంది ఆ కాలేజీలో. ప్రారంభం రోజున తుడవడానికి నన్నూ పిలిచారు. మెత్తటి కుర్చీలు, గోడకి సముద్రం బొమ్మ. తాళం వాచ్‌మన్ దగ్గరుంటుంది. కావలసినవాళ్ళు ఎందుకు కావాలో దరఖాస్తు రాసి, ప్రిన్సిపాల్ సంతకం తెచ్చుకుంటే తీస్తాడు. ఇప్పటివరకు ఒక్కసారి తీశారట, పై ఆఫీసునుంచి ఎవరో చూడటానికొస్తే.

ఫలితాలొచ్చిన మూడో రోజున నాకు ప్రిన్సిపాల్ గదినుంచి కబురొచ్చింది. పోనీలే, ఇన్నాళ్ళకు ఎవరో ఒకరు ఆ పదకొండు మంది గురించి ఆలోచించారనుకున్నాను. ముసలిదాన్నయినా నాకు బుద్ధి రాలేదు.

లోపల ప్రిన్సిపాల్, గడియారం సారు ఇద్దరూ ఉన్నారు. నన్ను కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"చూడమ్మా, ఆరో గదిలో పదకొండు మంది తప్పారు. ఎప్పుడూ ఇలా జరగలేదు. కమిటీ కూర్చుని చూసింది" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఏం తేలింది బాబూ?"

గడియారం సారు గొంతు సవరించుకున్నాడు. "రోగి నటన సరిపోలేదని తేలింది. జబ్బు మనిషిలా కనిపించలేదు నువ్వు. ఇంకొంచెం దిగులుగా ఉండాల్సింది."

అప్పటిదాకా నాకు వీళ్ళంటే చిరాకే. ఆ మాటతో చిరాకు పోయి, పాదం కింద ఏదో మెత్తగా నలిగినప్పుడు కలుగుతుందే, అలాంటిది కలిగింది.

"పిల్లలు మాట్లాడిందంతా మీరూ విన్నారు కదా సారూ. హాస్టల్లో అందరికీ ఇదే కథ అని ఒక పిల్ల చెప్పలేదూ? ఎముకల సంగతి చెప్పలేదూ?"

"అది పరీక్షకు సంబంధించిన విషయం కాదు." మణికట్టు చూసుకున్నాడు. "నాకు క్లాసుంది సార్." లేచి వెళ్ళిపోయాడు. ఏం క్లాసో తెలుసా? పిల్లలకి ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఉపన్యాసం. రాకపోతే హాజరు పోతుంది.

ప్రిన్సిపాల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఈ కాలం పిల్లలమ్మా. చీమ కుట్టినా ఏడుపే. మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మేము రాళ్ళం. చదివాం, బయటపడ్డాం. సరే, వచ్చే పరీక్షకి ఆ కేసు తీసేస్తున్నాం. నిన్ను గుండెనొప్పి గదిలో వేస్తారు. అది నువ్వు బాగా చేస్తావట."

మాట్లాడుతూ బల్లమీద పడున్న ఫైలు దారం వేలికి చుట్టుకుంటున్నాడు. బిగించి, వేలు నీలమయ్యాక వదిలి, మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

ఆ వేలు నాకు తెలుసు.

ముప్ఫై మూడేళ్ళ కిందట నేను దుప్పట్ల గదికి కాపలా. ఉతికి వచ్చిన దుప్పట్లన్నీ అరల్లో సర్దేది నేనే, తాళం నా నడుముకే, పగలు మాత్రం తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంచేదాన్ని. ఒకరోజు తలుపు తీస్తే, కింది అరలో, ఆకుపచ్చ దుప్పట్ల వెనక, మోకాళ్ళ మీద తల పెట్టుకుని సన్నటి కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. రోగుల ముందు పెద్ద డాక్టరు నాలుగు మాటలన్నాడట. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ. దుప్పటి అంచులోంచి దారం లాగి వేలికి చుట్టుకునేవాడు, నీలమయ్యేదాకా. పంతొమ్మిది రోజులు వచ్చాడు. గ్లాసుడు టీ ఇస్తే ఒకరోజు తాగేవాడు, ఒకరోజు చల్లారబెట్టేవాడు. మేము ముగ్గురం ఆయాలం అతనికి దుప్పట్ల బాబు అని పేరు పెట్టుకున్నాం. ఇరవయ్యో రోజున అప్పటి హెడ్ సిస్టరుకి చెప్పాను. ఆ మహాతల్లి కమిటీ వెయ్యలేదు. మర్నాడు సెలవు పెట్టి, తమ్ముడని చెప్పి, ఎవరికీ తెలియని ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆర్నెల్లు మందులు మింగాడు. హాస్టల్లో ఎవరైనా చూస్తారని మందుల సీసా నా దుప్పట్ల మధ్యే దాచుకున్నాడు. మనిషి తేరుకున్నాడు. పరీక్షలు గట్టెక్కాడు. ఆ తర్వాత వరండాలో ఎదురుపడితే గోడకేసి చూసుకుంటూ పోయేవాడు. పోనీలే, సిగ్గు, అనుకున్నాను. ఆ హెడ్ సిస్టరుకి తప్ప ఈ ముప్ఫై మూడేళ్ళలో ఇంకో ప్రాణికి చెప్పలేదు.

"నటన సరిపోలేదన్నారు కదా బాబూ" అన్నాను. "ఈసారి నువ్వు కూర్చున్నట్టు కూర్చోనా? మోకాళ్ళ మీద తల పెట్టుకుని?"

దారం ఆగింది.

"ఎవరనుకుంటున్నావో నువ్వు..."

"కింది అర. కిటికీ వైపు. ఆకుపచ్చ దుప్పట్ల వెనక. సీసా మూత తెల్లది, ఊరికే ఊడిపోయేది. దారంతో నేనే కట్టాను."

అతని ముఖం మారింది. ఒక్క క్షణం, అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ సన్నటి కుర్రాడు ఆ లావుపాటి గడ్డం వెనకనుంచి తొంగి చూశాడు. ఇప్పుడు అడుగుతాడు, ఎవరమ్మా ఆ పదకొండు మంది అని అడుగుతాడు అనుకున్నాను. నోటి దాకా వచ్చి ఉన్నాయి నాకు వాళ్ళ గుర్తులు.

"ఈ సంగతి... ఎవరికైనా చెప్పావా?" అన్నాడు.

అంతే అడిగాడు.

"లేదు బాబూ. నా దగ్గర రహస్యం అంటే బోర్డుకంటించేది కాదు."

లేచి వచ్చేశాను. తిడితే నోరు పాడవుతుంది. అలాంటివాడి మీద కోపం కూడా దండగ. తను దాటిన పడవని తనే కాల్చేసి, నీళ్ళలో ఉన్నవాళ్ళని ఈతరాదేమిటని వెక్కిరించేవాడితో నాకేం మాటలు!

మర్నాడు మధ్యాహ్నం రెండు పెన్నుల పిల్ల షాపుకొచ్చింది, మళ్ళీ పెట్టే పరీక్ష టైమ్‌టేబుల్ కాపీకి. తప్పిన పదకొండు మంది కోసం మనసు జబ్బుల పరీక్ష మళ్ళీ పెడుతున్నారు. అల్లుడికి కన్ను గీటాను. మెషీను వేడెక్కింది, పావుగంట పడుతుందని చెప్పి అతను బయటికి పోయాడు.

"రా తల్లీ, లోపల కూర్చో."

"పర్లేదమ్మమ్మా. ఇక్కడే నిలబడతా. చదువుకోవాలి."

"పావుగంట నిలబడి ఏం చదువుతావు? కూర్చో."

కూర్చుంది, కుర్చీ అంచు మీద, ఎవరైనా లేవమంటారేమో అన్నట్టు. "సారీ అమ్మమ్మా. మీ కేసు తప్పు చెప్పాను. నా వల్ల మీకు మాట వచ్చిందట."

చూడండి! ప్రిన్సిపాల్ గదిలో సారీ చెప్పవలసినవాళ్ళు ఇద్దరుంటే, ఈ పిల్ల వచ్చి చెబుతోంది.

"నా సంగతి వదిలెయ్. నిద్ర పడుతోందా?"

"పడుతుంది. పడుతుంది గానీ..." ఆగింది. "మామూలే అమ్మమ్మా."

ఆ ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. తొంభై ఆరు మంది నన్ను అడిగారు. వరసగా అడిగాను. తిండి ఎలా ఉంది, దేని మీదైనా సరదా ఉందా, స్నానానికి లేవగలుగుతున్నావా. మెల్లగా, ఒక్కొక్కటే. ఆ పిల్ల తల దించుకుని జవాబులు చెప్పింది. చివరిది మిగిలింది. అడిగేటప్పుడు మార్కుల కోసమైతే తేలిగ్గా వచ్చేస్తుంది ఆ ప్రశ్న. ఎదురుగా మనిషి ఉంటే నాలుక ఎండిపోతుంది. అయినా అడిగాను.

"పడుకున్నదానివి లేవకపోతే బాగుండుననిపిస్తోందా తల్లీ?"

తలెత్తింది. "ఇది పరీక్షా అమ్మమ్మా?"

"కాదు. ఇక్కడెవరూ గంట కొట్టరు."

చాలాసేపు జేబులో నీలం మరక మీద వేలితో రాసుకుంటూ కూర్చుంది. తర్వాత తల ఊపింది. అవునని.

నేను భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఆ చెయ్యికి ఇప్పుడు విలువ లేకుండా చేశారు వాళ్ళు. లేచి తలుపు దగ్గరకు వేసి, పక్కన కూర్చున్నాను, అంతే.

"డాక్టరుకి చూపించుకోవాలి."

"వద్దమ్మమ్మా!" లేచి నిలబడింది. "బోర్డు మీద నంబరు పడుతుంది. ఇంటికి ఉత్తరం వెళ్తుంది. మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు డాక్టరవుతున్నానని. నన్ను వార్డుల్లోకి రానివ్వరు. అంతకన్నా..." అంతకన్నా ఏమిటో అనలేదు. అననక్కర్లేదు.

"నీకని ఎవరన్నారు? నాకు. రేపు నాకు ఒంట్లో బాగుండదు. పొద్దున్నే బస్సెక్కాలి. ముసలిదాన్ని, తోడు లేకుండా ఎలా వెళ్తాను? మా అల్లుడికి షాపుంది."

ఆ పిల్ల నా వైపు చూసింది. అర్థమవడానికి కొంచెం టైము పట్టింది.

"మీకేం జబ్బని చెబుతారు?"

"కాగితం కంఠతా వచ్చు కదా నాకు!"

ఆ రాత్రి హాస్టల్‌కి పోనివ్వలేదు. ముసలమ్మకి తోడుగా పడుకోవాలని మా అల్లుడు వార్డెనుకి చీటీ రాసిచ్చాడు. ఆ చీటీకి మాత్రం కాపీలు తియ్యలేదు.

రెండు గంటల బస్సు ప్రయాణం. కింద దర్జీ కొట్టు, మేడ మీద మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ గది. ఆవిడకి మా కాలేజీతో ఏ సంబంధం లేదని అల్లుడు ముందే కనుక్కున్నాడు. చీటీ రాసే అమ్మాయి, "పేషెంటెవరు?" అంది. "నేనే" అన్నాను. ముప్పావుగంట బల్ల మీద కూర్చున్నాం. మేడ మెట్ల మీద అడుగు వినిపించినప్పుడల్లా ఆ పిల్ల ముఖం గోడ వైపు తిప్పుకునేది.

లోపల డాక్టరమ్మ నాకంటే ఓ పాతికేళ్ళు చిన్నది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "చెప్పండమ్మా, ఏమిటి బాధ?" అంది.

మొదలుపెట్టాను. అలవాటైన పనేగా. "మూడు నెలలుగా నిద్ర లేదమ్మా. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. తింటే గడ్డి నమిలినట్టుంది. ఇదివరకు రేడియో అంటే..."

"మూడింటికి" అంది ఆ పిల్ల.

డాక్టరమ్మ తలెత్తింది. నేను వినిపించుకోనట్టు, "స్నానానికి లేవాలంటే కొండెక్కినట్టు..." అన్నాను.

"నాలుగింటికి కాదమ్మమ్మా. మూడింటికి. మూడు నెలలు కూడా కాదు." జేబు మీది నీలం మరకని చేత్తో కప్పుకుంది. "పద్నాలుగు నెలలు."

నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అది చాలా అరుదు. డాక్టరమ్మ నన్ను ఏమీ అడగలేదు. తన కుర్చీ ఆ పిల్ల వైపు తిప్పుకుంది. "నీ పేరేమిటమ్మా?" అంది. పిల్ల రోల్ నంబరు చెప్పబోయి, సగంలో ఆగి, పేరు చెప్పింది. డాక్టరమ్మ చీటీ మీద నా పేరు కొట్టేసి, దాని కింద ఆ పేరు రాసింది.

ఆ గదిలో గోడ గడియారం లేదు. నేను మెల్లగా లేచి బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాను. కింద దర్జీ మిషను ఆగుతూ, నడుస్తూ ఉంది. లోపలనుంచి ఏడుపు వినిపించింది. కుళాయి చప్పుడు లేకుండా.

వచ్చేటప్పుడు ఆ పిల్ల చేతిలో మందుల పొట్లం, వచ్చే వారానికి రమ్మన్న చీటీ ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన మీదట ఆ బల్ల మీదినుంచే ఇంటికి ఫోను కూడా చేసింది. నాన్నకి కాదు, ముందు అమ్మకి. ఒక్క రోజులో ఏదో బాగైపోయిందని చెప్పను. బస్సులో సగం దారి ఏడుస్తూనే ఉంది. మిగతా సగం నిద్రపోయింది, నోరు తెరుచుకుని, నా జాలి భుజం మీద తల పెట్టి. కదిలితే లేస్తుందేమోనని నొప్పెడుతున్నా కదల్లేదు.

ఊరు దగ్గర పడుతుండగా లేచింది. కిటికీలోంచి చూస్తూ, "అమ్మమ్మా, నాలాగే తప్పు చెప్పినవాళ్ళు ఇంకా పదిమంది ఉన్నారు కదా. వాళ్ళెవరో ఎవరికైనా తెలుసా?" అంది.

ఎవరికి తెలుస్తుంది? కమిటీకి నంబర్లు తెలుసు. గడియారం సారుకి సున్నాలు తెలుసు. ప్రిన్సిపాల్‌కి తన గురించి ఎవరికీ తెలియలేదని తెలుసు, అతనికి అది చాలు.

ఆ మర్నాడు షాపు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. మొదట వచ్చినవాడు పొడుగాటి కుర్రాడు, ఎడమ బూటుకి లేసు ఉండదు. ఆ పరీక్షలో మొదటిసారి "అలసట" అన్నది వాడే, నేను వెధవ అనుకున్నది వాణ్ణే. అల్లుడికి కన్ను గీటాను. అతను నిట్టూర్చి మెషీను మూత వేశాడు.

"మళ్ళీ వేడెక్కిందా అత్తయ్యా?"

"ఎక్కింది" అన్నాను. "ఇంకో సంగతి. పై వారం నాకు మళ్ళీ ఒంట్లో బాగుండదు."